గడియ పెట్టకు

మార్చి 4

సూదత్తా,

ఈ ఉత్తరంతోపాటు వచ్చిన చదరపు పొట్లాన్ని చూసి ఎవరో అద్దం పంపారనుకోకు. అది మా రికార్డు. ఎట్టకేలకు అచ్చయింది. పేరు "ఇంకాసేపు". అట్ట మీద మసకమసకగా కనిపించేది మేం సాధన చేసే గది కిటికీ. ఆవిరి పట్టి ఉన్నప్పుడు పొడుగాయన ఫొటో తీశాడు. పొడుగాయనంటే మా బేస్ గిటారు వాయించే మనిషి, గుమ్మం కనిపిస్తే చాలు అలవాటుగా తల వంచేస్తాడు. ఇంకొకడు డ్రమ్మరు. పగలు బేకరీలో పని, అందుకని మా డ్రమ్ముల మీద ఎప్పుడూ కాస్త పిండి ఉంటుంది. మిగిలిందంతా నేను.

బాగున్నావా అని అడగను, ఎలా ఉన్నా బాగున్నాననే రాస్తావు. ఫోను చేద్దామంటే తియ్యవు. నాన్న పోయిన కబురు ఆ ఫోనులోనే వచ్చింది కదా, నేను నిన్ను బలవంతపెట్టను. అయినా హాస్టల్లో ఉన్నప్పటి నుంచీ మనిద్దరికీ ఉత్తరాలే అచ్చొచ్చాయి. ఫోనులో నువ్వు తంతి పంపినట్టు మాట్లాడతావు, కాగితం ఇస్తే మాత్రం ఆగవు.

అసలు సంగతి చెప్తాను. మొన్న మేం వాయించిన చోట మనుషుల కంటే కుర్చీలు ఎక్కువ. ఒక పత్రికలో మా రికార్డు గురించి నాలుగు ముక్కలు రాశారు. పాటలన్నీ బస్సు తప్పిపోతుందేమో అన్నట్టు పరిగెడుతున్నాయట. చదివి నవ్వాను గానీ, తర్వాత అన్నం సయించలేదు. ఇక్కడ ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో నాకు ఉద్యోగం ఇస్తామన్నారు. ఊరూరా తిరగడం కుదరదు, శనివారాలు కూడా పని. చేరతానో లేదో మే నెలాఖరులోగా చెప్పాలి. చేరితే ఈ పాట అటకెక్కినట్టే.

నాన్న రికార్డు ప్లేయరు నీ దగ్గరే ఉందిగా, దాని మీద పెట్టి విను. విని ఉన్నదున్నట్టు రాయి. నాకు ఎవరి మాటా ఎక్కడం లేదు, నీ మాట ఎక్కుతుంది. వద్దు మానెయ్యమంటే మానేస్తాను.

నీ కొట్లో గుండీల డబ్బాతో ఆడుకున్న
ఉడత

మార్చి 16

ఉడతా,

నీ పొట్లం వచ్చినప్పుడు నా ఒళ్ళో ఎవరిదో పెళ్ళినాటి కోటు ఉంది. మోచేతి దగ్గర సిగరెట్టు కాలిన చిల్లు. అలాంటివి చేసేటప్పుడు లేచానంటే పోగులు తప్పిపోతాయి. నీకు తెలుసు, లోపలి అంచులోంచి అదే బట్ట పోగు లాగి, చిల్లు మీద ఒకటి అడ్డంగా ఒకటి నిలువుగా అల్లుకుంటూ రావాలి. రఫూ పూర్తయ్యాక చిల్లు ఎక్కడుండేదో నేనే వెతుక్కోవాలి, అప్పుడు అది పని. అందుకని పొట్లాన్ని ఆ సాయంత్రం దాకా బల్ల మీద ఊరిస్తూ ఉంచాను.

అన్నయ్య ప్లేయరు మీద ఆయన ఆఖరుసారి పెట్టుకున్న రికార్డు అలాగే ఉంది. దాన్ని తీసి నీది పెట్టాను. రెండూ ఒకే సైజు కాబట్టి ఏ మీటా ముట్టుకోలేదు, పాడుచేస్తానేమోనని భయం. ముల్లు ఆనించి వచ్చి కూర్చున్నాను.

మొదట ఏమీ లేదు. పాడైపోయిందేమో అనుకుంటుండగా గిటారు మెల్లగా వచ్చింది, పక్కింట్లో ఎవరో తలుపు చప్పుడు కాకుండా తీసినట్టు. ఆ డ్రమ్ములేంటే, అంత బద్ధకంగా, అంత హాయిగా? ఒక దెబ్బ వేసి, ఇంకోటి వెయ్యాలా వద్దా అని ఆలోచించుకుంటున్నాడు మీ బేకరీ అబ్బాయి. ఇక పాడే మనిషి సంగతి. మగవాళ్ళు ఇలా కూడా పాడతారని నాకు తెలియదు. అరవడు, గొప్పలు పోడు. మధ్యాహ్నం పడుకుని లేచి, కిటికీ దగ్గర నిలబడి తనలో తాను చెప్పుకుంటున్నట్టుంది. నా సూది కూడా ఆ పాట వెంటే నడిచింది. మాటలు సగం సగం తెలిశాయి. తెలియనివి కూడా బాగానే ఉన్నాయి. ఎవరే అతను?

నాలుగో పాట గురించి ఇప్పుడు రాయను. ఇంకోసారి వినాలి.

పక్కింటి గుండీలావిడ వచ్చి, ఇదేం పాట, నిద్దరొస్తోంది అంది. వస్తే పడుకో అన్నాను. నిజంగానే గోడకి ఆనుకుని కునుకు తీసింది. నా టీ చల్లారి మీగడ కట్టినా పాట ఇంకా మూడోదే. పరిగెడుతున్నాయని రాసినవాడికి చెవుల్లో ఏముందో నాకు తెలియదు. ఆ మాట పట్టించుకోకు.

అన్నట్టు, అట్టలో దళసరి కాగితం ఒకటి పెట్టావు. ఏవో సన్నక్షరాలు, నా భూతద్దానికి కూడా లొంగలేదు. వెనకవైపు తెల్లగా ఉంది. కాలరు అచ్చు కత్తిరించుకోవడానికి సరిగ్గా సరిపోయింది, నీ చలవ.

నీ గిటారు బాగుంది. ఇంకాస్త గట్టిగా వాయించవచ్చు.

అత్త

ఏప్రిల్ 1

అత్తయ్యగారికి,

మీ ఉత్తరం అందింది. రికార్డు మీకు నచ్చినందుకు సంతోషం.

మీరు మెచ్చుకున్న ఆ మగగొంతు మా డ్రమ్మరుది. మీ మాటలు అతనికి చదివి వినిపించాను. పిండి చేతులతోనే గది చుట్టూ గెంతాడు. ఇక నుంచి తనే పాడతానంటున్నాడు. పాడవచ్చు. నేను అడ్డం చెప్పను.

కాగితం మీకు పనికొచ్చినందుకు కూడా సంతోషం. ఆ కాగితం మీదున్న పాటల మాటలు రాయడానికి నాకు చాలా రోజులు పట్టింది, అయినా కాలరుకి పనికిరావడం మంచిదే.

ఇక్కడ వానలు. గది కప్పు కారుతుంటే గిటారు పెట్టె మంచం మీద పెట్టి నేను కింద పడుకుంటున్నాను. ఆ ఆఫీసుకి వెళ్ళి చూసి వచ్చాను. కుర్చీ బాగుంది. కిటికీ లేదు.

మీ ఆరోగ్యం జాగ్రత్త.

మీ మేనకోడలు

ఏప్రిల్ 13

ఉడతా,

గారేంటి, మీరేంటి? నీ ముక్కు తుడిచిన చెయ్యి ఇది. ఉత్తరం చదివి, పొరపాటున ఎవరిదో నాకొచ్చిందేమోనని కవరు తిప్పి చూసుకున్నాను. కాగితం కత్తిరించానని అలిగావా? అలిగితే ఇంకొకటి పంపు, దణ్ణం పెట్టి దాచుకుంటాను. అంతేగాని అత్తయ్యగారని మాత్రం రాయకు.

నిజం చెప్తున్నాను, నీ రికార్డు వచ్చాక ఈ కొట్టే మారిపోయింది. అన్నయ్య పోయాక సాయంత్రాలంటే నాకు భయంగా ఉండేది. దీపం పెట్టుకున్నా గదిలో ఒక మూల చీకటిగానే ఉండేది. ఇప్పుడు షట్టరు సగం దింపి ప్లేటు పెడతాను. వీధిలో సైకిళ్ళు, బస్సులు, పిల్లల అరుపులు అన్నీ ఆ పాట అడుగున ఎక్కడో ఉండిపోతాయి. దుఃఖం పోయిందని కాదు. పక్కన కుర్చీ వేసుకుని బుద్ధిగా కూర్చుంటోంది, అంతే. నిద్ర కూడా పడుతోంది.

గుండీలావిడ నీకు చాడీలు రాస్తుందేమో, నేనే చెప్పేస్తాను. వెనక తలుపుకి గడియ పెట్టడం మానేశాను. దొంగలొస్తారంటుంది. వస్తే ఏం పట్టుకెళ్తారు, చిరిగిన కోట్లా?

మీ డ్రమ్మరుకి ఒక మఫ్లరు అల్లాను, దీనితో పంపుతున్నాను. తప్పకుండా కట్టుకోమను. వానలన్నావు కదా, ఆ గొంతుకి తడిగాలి తగలకూడదు.

ఒకటే నాకు మింగుడుపడటం లేదు. రికార్డంతా ఆ అబ్బాయే పాడాడు, నీ చేత ఒక్క ముక్కైనా పాడించలేదేం? నువ్వు చిన్నప్పుడు బాగానే పాడేదానివి కదా. వాళ్ళు వద్దన్నారా, నువ్వే వెనక్కి తగ్గావా? నీ గిటారు ఒక్కటే అయితే దానికోసం జీవితమంతా తిప్పలు పడమని నేనెలా చెప్పను? అబ్బాయికి పాట ఉంది, వాడు నిలబడతాడు. నువ్వు కుర్చీ బాగుందన్నావు కదా, ఆలోచించుకో.

కోపం పోయిందని రాయి.

మీ అత్తయ్యగారు (చూశావా, ఎంత అసహ్యంగా ఉందో)

ఏప్రిల్ 25

అత్తా,

కోపం పోలేదు. పెరిగింది. ఆలోచించుకోమన్నావుగా, ఆలోచించుకున్నాను. రేపే ఆ ఆఫీసుకి వెళ్ళి చేరతానని చెప్పేస్తాను. గిటారు ఎవరికైనా ఇచ్చేస్తాను.

నచ్చకపోతే నచ్చలేదని రాస్తే సరిపోయేది. నన్ను పక్కన పెట్టి రెండో పాట చివర రెండు లైన్లు పాడినవాణ్ణి ఆకాశానికెత్తావు. ఇప్పుడు నేను ఒక్క ముక్కైనా పాడలేదంటున్నావు. అంటే నాది పాటే కాదనేగా? పత్రికవాడే నయం, పరిగెత్తానన్నాడు గానీ లేననలేదు.

అన్నిటికంటే నాలుగో పాట. దాని పేరు "గడియ పెట్టకు". అమ్మ పోయాక నాన్న బస్సు నడపడానికి వెళ్తే నేను నీ కొట్లో పెరిగాను. రోజూ ఆఖరి ట్రిప్పు ముగించుకుని మన వీధి మొదట్లోంచి ఫోను చేసి నాన్న ఏమనేవాడు? "దగ్గర్లోనే ఉన్నా, గడియ పెట్టకు." ఆ మాటనే పాట చేశాను. అది నువ్వు విన్నా గుర్తుపట్టలేదు, దాని మీద ఒక్క ముక్క రాయలేదు. ఇంకెవరి కోసం పాడాలి నేను?

ఏప్రిల్ 26

పై ఉత్తరం నిన్న పోస్టు చెయ్యలేదు, దీనితోపాటే పంపుతున్నాను. ఆఫీసుకీ వెళ్ళలేదు. నీ ఉత్తరాలు మళ్ళీ చదివాను. పొడుగాయన టీ పెడుతుంటే పైకి చదివాను కూడా.

టీ మీద మీగడ కట్టే సమయానికి మూడో పాట. బద్ధకపు డ్రమ్ములు. గుండీలావిడ కునుకు. పొడుగాయన కెటిల్ చేత్తో పట్టుకునే ఆగిపోయాడు. "మీ అత్త వింటున్నది మన రికార్డేనా?" అన్నాడు. మా డ్రమ్మరు జీవితంలో దేన్నీ మెల్లగా కొట్టలేదు అత్తా. మా పాటలు వింటే ఎవరికీ నిద్ర రాదు.

ప్లేయరు పక్కన చిన్న మీట ఉంటుంది చూడు. ఒకవైపు ముప్పై మూడు అని, ఇంకోవైపు నలభై ఐదు అని ఉంటుంది. పెద్ద ప్లేట్లు మామూలుగా ముప్పై మూడులో తిప్పుతారు, నాన్న అలాగే ఉంచి ఉంటాడు. మాది పెద్దదే అయినా నలభై ఐదులో తిప్పాలి. మోత బాగా వస్తుందని పొడుగాయన పట్టుబట్టి అలా చేయించాడు. ఆ సంగతి లోపలి కాగితం మీద, నువ్వు కాలరు చేసిన దాని మీద, రాశాం. నువ్వు మా రికార్డుని దాని వేగం కంటే చాలా మెల్లగా తిప్పుకుని వింటున్నావు. అలా తిప్పితే గొంతు కూడా కిందికి దిగిపోతుంది.

రికార్డు మొత్తం పాడింది నేను.

మీట జరిపి ఒకసారి విను. విన్నాక ఏం రాస్తావో రాయి. అప్పటిదాకా ఆఫీసుకి ఏమీ చెప్పను. మఫ్లరు అందింది. డ్రమ్మరు విప్పడం లేదు.

ఉడత

మే 8

ఉడతా,

మీట జరిపాను. ఒక్కదాన్నే చెయ్యడానికి ధైర్యం చాలక గుండీలావిడని పక్కన కూర్చోబెట్టుకున్నాను. ముల్లు ఆనించగానే నువ్వు. మెట్లు ఒక్కొక్కటీ దిగడం చేతకాక దూకుతూ వచ్చి, ఊపిరి తీసుకోకుండా బడి కబుర్లన్నీ చెప్పే నువ్వే. సిగ్గుతో చచ్చిపోయాను. గుండీలావిడ పొట్ట పట్టుకుని నవ్వింది. తర్వాత ఇద్దరం కాళ్ళు ఆడించుకుంటూ రెండు పక్కలూ విన్నాం. బాగుంది. నీ దగ్గర పాట ఉందే, పిచ్చి పిల్లా. ఉద్యోగం గురించి నేను రాసిందంతా చించి పారెయ్యి.

ఇప్పుడు నీకు రాయనిది రాస్తాను.

మొదటి రోజు కోటు ఒళ్ళో పెట్టుకుని వింటున్నానని రాశాను కదా. నాలుగో పాట మొదలైంది. గిటారు చాలాసేపు ఒక్కటే వచ్చింది. తర్వాత అతను "దగ్గర్లోనే ఉన్నా, గడియ పెట్టకు" అన్నాడు. నా చేతిలో సూది ఎక్కడ పడిందో తెలియదు. అది అన్నయ్య గొంతు. అలాంటి గొంతు అనడం లేదు, ఆ గొంతే. మాట చివరికొచ్చేసరికి కిందికి దిగి, స్టీరింగు వదిలేసిన మనిషిలా ఊపిరి వదలడం ఉండేది చూడు, అదీ అంతే.

నాకు మతి పోతోందనుకున్నాను. నీకు రాస్తే అత్తకి మతి చెడిందని దిగులుపడతావు. అందుకే ఊరుకున్నాను. నువ్వు డ్రమ్మరని రాస్తే, సరే, లోకంలో ఒకేలాంటి గొంతులుంటాయేమో అని సర్దిచెప్పుకున్నాను. మఫ్లరు అల్లుతున్నంతసేపూ ఎవరికి అల్లుతున్నానో నాకు తెలుసు. గడియ ఎందుకు పెట్టడం లేదో ఇప్పుడు నీకు తెలిసింది. గుర్తుపట్టలేదన్నావు. నేను గుర్తుపట్టింది చాలక ఆయన కోసం ఎదురుచూశానే.

ఆయన గొంతు మన దగ్గర ఎక్కడా లేదు. నవ్విన ఫొటోలున్నాయి, చొక్కాలున్నాయి. గొంతు మాత్రం పూర్తిగా పోయిందనుకున్నాను. నీలో ఉంది. నువ్వు తొందరపడితే వినిపించదు, నిదానిస్తే వినిపిస్తుంది. నీకు తెలిసే పరిగెడుతున్నావేమో అని కూడా అనిపించింది, తప్పయితే కోప్పడు.

గుండీలావిడ వెళ్ళాక మీట మళ్ళీ ముప్పై మూడుకి జరిపాను. నీ రికార్డుని తప్పుగా తిప్పుతున్నానని తెలిసే తిప్పాను, ఏమీ అనుకోకు. నాకు రెండూ కావాలి. ఆఫీసులో చేరతావో మానతావో నీ ఇష్టం, కిటికీ లేని గదిలోనైనా కూర్చో. పాట మాత్రం మానకు. ఆ గొంతుని ఇంకోసారి పోగొట్టుకునే ఓపిక నాకు లేదు.

సూదత్త

మే 21

సూదత్తా,

నీ ఉత్తరం చదివాక పొడుగాయన ప్లేయరు మీద మా రికార్డు పెట్టి, మీట ముప్పై మూడుకి జరిపాను. ముగ్గురం నేల మీద కూర్చున్నాం. వాన వెలిసింది, కప్పు నుంచి గిన్నెలోకి చుక్కలు పడుతున్నాయి, మేం ఆ గిన్నె తీయలేదు. మొదటి పాటకి డ్రమ్మరు నవ్వాడు. రెండో పాటలో తన రెండు లైన్లు వచ్చినప్పుడు ఇంకా నవ్వాడు. మూడో పాటకి ఎవరం నవ్వలేదు. ఎప్పుడూ కిటికీ అవతల కనిపించే ఆ మామూలు వీధే నీళ్ళ అడుగున ఉన్నట్టుంది. బట్టలు ఆరేస్తున్న ఒకావిడ మా పాట కోసమే అంత మెల్లగా కదులుతోందనిపించింది.

నాలుగో పాట వచ్చింది. రాసింది నేనే. తర్వాత ఏ మాట వస్తుందో నాకు తెలుసు. అయినా నాన్న పాడుతుంటే విన్నాను అత్తా. చిన్నప్పుడు ఫోను నీ చెవి దగ్గరుంటే, నాన్న ఏమన్నాడో నీ మొహం చూసి తెలుసుకునేదాన్ని. ఇప్పుడు ఆ మాట నేరుగా నాకే చెప్పాడు. ఏడ్చాను. డ్రమ్మరు మఫ్లరు అంచుతో కళ్ళు తుడుచుకుని, మీ అత్తకి చెప్పకు అన్నాడు.

నువ్వు అనుకున్నది తప్పు కాదు. ఆ పాటని మొదట నిదానంగానే కట్టాను. ఎన్నిసార్లు పాడినా "దగ్గర్లోనే" దగ్గర గొంతు పూడుకుపోయేది. అందుకని వేగం పెంచాను, ఏడుపు అందుకునేలోపే ఆ మాట దాటిపోవాలని. ఒక్క పాటకి పెంచితే బాగోదని అన్నిటికీ పెంచాం. బస్సు తప్పిపోతుందేమో అన్నట్టు పరిగెడుతున్నాయన్న ఆ పత్రికవాడు మహానుభావుడు, వాడికి తెలియకుండానే సరిగ్గా రాశాడు.

మొన్న మళ్ళీ పాడాను, నువ్వు విన్న వేగంలో. మొదటిసారి ఆగిపోయాను. రెండోసారి కూడా ఆగాను. పొడుగాయన బేస్ మీద ఆ ఒక్క స్వరమే వాయిస్తూ ఉండిపోయాడు, నేను మళ్ళీ అందుకునే దాకా. మూడోసారి చివరిదాకా వెళ్ళాను. గొంతు వణికింది, వణకనిచ్చాను. పాటలన్నీ ఇలాగే మళ్ళీ రికార్డు చేద్దామని ముగ్గురం అనుకున్నాం. ఆఫీసుకి వెళ్ళి చేరనని చెప్పేశాను. అక్కడి మేనేజరు మంచావిడ, పాటలు ఎక్కడ దొరుకుతాయని అడిగింది. కొత్తవి వచ్చాక ఇస్తానన్నాను.

అయితే రికార్డు కంటే ముందు అది నీ కొట్లో పాడాలి. కోట్ల మధ్య, నువ్వు చెప్పిన ఆ చీకటి మూల దగ్గర, గిటారు ఒక్కదానితో. గుండీలావిడ నిద్రపోతే పోనీ. శనివారం సాయంత్రం బస్సుకి వస్తున్నాను.

ఒక్కటే అడుగుతాను, కాదనకు. బస్సు మన వీధి మొదట్లోకి రాగానే కొట్లో ఫోను మోగుతుంది. భయపడకు, తియ్యి. నేనేమంటానో నీకు తెలుసు.

ఉడత